అంగరాగముల ఆయుఃప్రమాణము



నేడు మన పల్లెటూరి అంగడియందు సైతము తలనూనెసీసాలు, ముఖమునకు పూయు క్రీముడబ్బాలు, పసిపిల్లలకు చల్లు పౌడరు విరివిగా దొరకుచున్నవి. వాని అట్టలపై సన్నని అక్షరములతో రెండు తేదీలు అచ్చువేయబడి యుండును. ఒకటి వస్తువు తయారైన నెల. రెండవది అంతకు మించి వాడరాదను నెల. మొదటి తేదీని గూర్చి మనకు సందేహము లేదు. వస్తువు ఎన్నడు తయారైనదో చేసినవానికి తెలియును. రెండవ తేదీయే వింతయైనది. అది ఇంకను రాని దినము. ఈ సంవత్సరమే క్రొత్తగా కూర్చిన క్రీము మూడేండ్లు చెడక నిలుచునని దానిని చేసినవాడు నేడే ఎట్లు చెప్పగలిగెను? మూడేండ్లు కాచుకొని చూడలేదు గదా! జ్యోతిష్కుడు జాతకము చూచి ఆయుర్దాయము చెప్పినట్లు చెప్పెనా? లేక దీనికి వేఱొక ప్రమాణము కలదా?

ఈ ప్రశ్నకు ఉత్తరము వెదకుటయే నేటి నా ప్రసంగము. ఈ ఉత్తరము ఒక్కనాట దొరకినది కాదు. దీని వెనుక సుమారు 2300 సంవత్సరముల చరిత్ర గలదు. అలంకారవస్తువులు అల్పవిషయమనియు, ఆడువారి అద్దపుపెట్టెలోని ముచ్చటయనియు కొందఱు తలంపవచ్చును. కాని లేపనము చర్మమునకు తగులును. కాటుక కంటికి తగులును. పౌడరు పసిబిడ్డ బొడ్డునకు తగులును. అవి చెడినవై యున్నప్పుడు చూపు చెడినవారును, ప్రాణములు కోల్పోయిన శిశువులును చరిత్రలో కలరు. కావున ఇది అల్పవిషయము కాదని నా మనవి.

మనకు దొరకు ప్రాచీనగ్రంథకర్తలలో ఈ విషయమును శ్రద్ధతో విచారించినవాడు గ్రీకుపండితుడగు థియోఫ్రాస్టసు. ఆయన అరిస్టాటిలునకు శిష్యుడు. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమున జన్మించి, 3వ శతాబ్దపు మొదటి భాగము వఱకు జీవించెను. వాసనలను గూర్చి ఆయన ప్రత్యేకముగా నొక చిన్న గ్రంథమును వ్రాసెను. ఆనాటి పరిమళములు నూనెలలో పూలను, వేళ్లను, చెట్లబంకలను ఊరవేసి చేసినవి. ఏ పరిమళమెంతకాలము నిలుచునో ఆయన ఊహించి చెప్పక, అమ్మువారి అనుభవమును గ్రహించి వ్రాసెను. ఒక వర్తకుడు తన అంగడిలో ఈజిప్టు పరిమళము 8 సంవత్సరములును, ఐరిసు వేరుతో చేసినది 20 సంవత్సరములును ఉన్నవనియు, అవి క్రొత్తవానికంటె మేలుగానే యున్నవనియు చెప్పెనట. గులాబి మొదలగు పూల పరిమళములకు మాత్రము అంతటి దార్ఢ్యము లేదు. ఎండయు వేడిమియు వాసనను హరించుననియు, అందుచేత పరిమళవర్తకులు ఎండ సోకని, నీడగల మేడగదులను వెదకికొందురనియు ఆయన తెలిపెను. సీసపు పాత్రలను, చలువరాతి బుడ్లను వారు వాడుచుండిరి. సీసము విషమని మనము నేడెఱుగుదుము. కాని చల్లగా నుండు, సందులేని పాత్ర కావలెనను వారి ఆలోచన మాత్రము సరియైనదే.

క్రీస్తుశకము 1వ శతాబ్దమునందలి రోముదేశీయుడు ప్లీనీ కూడ తన ప్రకృతిచరిత్రయను మహాగ్రంథమున, ఎండ పరిమళములకు శత్రువని వ్రాసెను. పరిమళమును కొనునప్పుడు అరచేతిలో గాక చేతి వెనుకప్రక్క పూసికొని పరీక్షింపవలెనని ఆయన చెప్పెను. అరచేతి వేడిమి వాసనను చెఱచునని ఆయన తలంపు.

ఇక మన దేశమునకు వత్తము. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితయందు గంధయుక్తి యను అధ్యాయమును చేర్చి, తలకు నల్లరంగు వేయు విధమును, తలనూనెలను, ధూపములను, స్నానచూర్ణములను వివరించెను. అంగరాగములను కూర్చుట ఆనాటికే మన దేశమున శాస్త్రముగా ఎన్నబడుచుండెనని దీనివలన తెలియుచున్నది. కాని నిలువ యుండు కాలమును లెక్కపెట్టి సూత్రీకరించినవాడు వైద్యుడగు శార్ఙ్గధరుడు. ఆయన కాలము 13, 14 శతాబ్దముల ప్రాంతము. మన ఆంధ్రవైద్యులకు ఆయన సంహిత చిరపరిచితము. అందాయన పదార్థముల వీర్యము ఎంతకాలము నిలుచునో వరుసగా నిర్ణయించెను. ఎండిన మూలికలు ఒక సంవత్సరము దాటిన పిదప గుణహీనములగును. వానినే పొడికొట్టి చూర్ణము చేసినచో రెండు నెలలకే శక్తి తగ్గును. మాత్రలకును లేహ్యములకును ఒక సంవత్సరము. నేతులకును తైలములకును చెప్పిన కాలమును కొందఱు నాలుగు నెలలనియు, కొందఱు సంవత్సరముపై నాలుగు నెలలనియు వ్యాఖ్యానింతురు. ఆసవములు, లోహభస్మములు, రసౌషధములు పాతబడినకొలది గుణవంతములగును.

ఈ పట్టికను నిదానముగా చూడుడు. మూలికకు సంవత్సరము, అదే మూలిక పొడికి రెండే నెలలు! ఇందేమి భేదము? వస్తువు ఒక్కటియే, కాని పొడిగా కొట్టినప్పుడు గాలి తగులు భాగము వేయిరెట్లు పెరుగును. గాలిలో చెఱచు శక్తి యేదో కలదని శార్ఙ్గధరుడు చెప్పలేదు. కాని దాని ఫలమును కనిపెట్టి లెక్క కట్టెను. వస్తువు యొక్క ఆయువు అది యేమిటి యనుదానిమీదనే గాక, ఏ రూపముననున్నది యనుదానిమీద కూడ ఆధారపడునని మనవారు 600 సంవత్సరములకు పూర్వమే గ్రహించిరనుట ఇందువలన స్పష్టము.

అయినను గ్రీకుల జ్ఞానమైనను, మన వైద్యుల జ్ఞానమైనను అనుభవజ్ఞానమే. తరతరములు వాడి, చెడినదానిని చూచి, ఇంతకాలమునకు చెడునని చెప్పుట. పాతవస్తువులకు ఇది చాలును. క్రొత్తగా కూర్చినదానికి చాలదు. దాని అనుభవము ఎవ్వరికిని లేదు గదా.

ఇచ్చట నొక ముఖ్యమైన భేదమును గుర్తింపవలెను. నిలిచియుండుట వేఱు, పనికివచ్చుట వేఱు. 2003వ సంవత్సరమున లండనునగరమందలి సదర్కు ప్రాంతమున పురాతన రోమనుల దేవాలయస్థలమును త్రవ్వుచుండగా, చిన్న తగరపు డబ్బా యొకటి దొరకెను. అది క్రీస్తుశకము 2వ శతాబ్దపు మధ్యకాలమునాటిది. మూత బిగువుగా నుండుటచే లోపలి తెల్లని లేపనము చెక్కుచెదరక యుండెను. దానిని వాడినవారి వ్రేళ్ల జాడలు సైతము కనబడుచుండెను. బ్రిస్టలు విశ్వవిద్యాలయమందలి రసాయనశాస్త్రజ్ఞులు దానిని పరీక్షించి, 2004వ సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. అందు జంతువుల క్రొవ్వు, గంజిపిండి, తెల్లరంగుకొఱకు తగరపు భస్మము ఉన్నవని తేలెను. శాస్త్రజ్ఞులు అవే పదార్థములతో క్రొత్త లేపనమును చేసి చర్మముపై పూసి చూడగా, మొదట జిడ్డుగా నుండి, పిదప నున్నని పొడివలె నిలిచినది. పాత డబ్బాను తెఱచినప్పుడు మాత్రము గంధకపు వాసన వంటి వాసన వచ్చెనని చూచినవారు చెప్పిరి. అనగా 1800 సంవత్సరములు గడచినను లేపనము రూపము చెడలేదు; కాని దానిని ముఖమునకు పూసికొనుటకు ఎవరు సాహసింతురు? కంటికి బాగుగా కనబడుటయే ఆయువు కాదు.

లేపనములు ఏల చెడును? ఇందుకు మూడు కారణములు కలవు. మొదటిది, క్రొవ్వులును నూనెలును గాలితో కలిసి కనరువాసన పట్టుట. రెండవది, కలిసియున్న నూనెయు నీరును వేఱుపడుట. మూడవది, సూక్ష్మజీవులు చేరి పెరుగుట. 2వ శతాబ్దమున గాలెనను వైద్యుడు మైనము, ఓలివునూనె, నీరు కలిపి చేసిన చల్లని లేపనము నేటి క్రీములన్నిటికిని తాతవంటిది. ఆ యొక్క డబ్బాలోనే ఈ మూడు శత్రువులకును చోటు కలదు. నూనె ఉన్నది గనుక కనరెక్కును. నీరు ఉన్నది గనుక వేఱుపడును. ఆ నీటియందే సూక్ష్మజీవులును పెరుగును.

మొదటి శత్రువు యొక్క నడవడిని కొలతతో తెలిసికొన్నవాడు జెనీవా నగరవాసియగు నికొలా తియొడోరు ద సొస్యూరు. 1820వ సంవత్సర ప్రాంతమున ఆయన అక్రోటు నూనెను పలుచని పొరగా గాలికి వదలి, అది ఎంత వాయువును పీల్చుకొనుచున్నదో పాదరసపు గొట్టముతో కొలిచెను. మొదటి ఎనిమిది నెలలలో ఆ నూనె తన పరిమాణమునకు మూడురెట్ల వాయువును మాత్రమే పీల్చెను. ఇంతేగదా యని విడువక ఇంకను చూచుచుండగా, ఆ తరువాత పది దినములలోనే అది తన పరిమాణమునకు 60 రెట్ల వాయువును పీల్చివేసెను! పిదప క్రమముగా మందగించి, మఱి మూడు నెలలకు 145 రెట్లు చేరి ఆగెను. ఆ నూనె చిక్కబడి దుర్వాసన కొట్టినది.

అయ్యలారా, ఈ ప్రయోగము మనకు గొప్ప పాఠమును చెప్పుచున్నది. నూనె చెడుట దినదినము కొంచెము కొంచెముగా సమానముగా జరుగునది కాదు. గడ్డివాములో నిప్పురవ్వ పడినట్లు, చాలకాలము లోలోపల రగులుచుండి, ఒక్కమారుగా అంటుకొనును. ఎనిమిదవ నెలయందు ఆ నూనెను వాసన చూచినవాడు, ఇది ఇంకను చాలకాలము నిలుచునని నమ్మియుండును. పది దినములలో మోసపోయియుండును. కనుక నేడు బాగున్నది గాన రేపును బాగుండునను తర్కము నూనెల విషయమున చెల్లదు.

ఈ రవ్వను అంటుకొననీయకుండ ఆపు ఉపాయము కూడ త్వరలోనే దొరకెను. 1843వ సంవత్సరమున ఫ్రాన్సుదేశీయుడగు దెషాం, పందిక్రొవ్వుతో చేసిన లేపనములో మన సాంబ్రాణిజాతికి చెందిన బంకను కలిపినచో అది కనరెక్కదనియు, కలుపనిది కనరెక్కుననియు చూపెను. ఆ దేశమందలి గ్రాసు పట్టణమున మల్లెజాతి పూల వాసనను క్రొవ్వునకు పట్టించువారు ఈ బంకను వాడిరి. ఇంగ్లండు ఔషధగ్రంథమునందు కూడ ఇట్లు చేసిన క్రొవ్వునకు స్థానము దొరకెను. మనము దేవునియెదుట ధూపము వేయు వస్తువే అచ్చట లేపనములకు కాపలాదారయ్యెను. 1872వ సంవత్సరమున అమెరికాయందు రాబర్టు చీసుబరో భూమినుండి తీసిన రాతినూనె నుండి చేసిన వాజెలీనునకు పేటెంటు పొందెను. దానిలో జంతువుల క్రొవ్వుగాని, గింజల నూనెగాని లేదు కనుక అది కనరెక్కదు. క్రమముగా లేపనములలో రాతినూనెలు చోటుచేసికొనుటకు ఇది యొక ముఖ్యకారణము.

ఇక మనము మొదట వేసికొన్న ప్రశ్నకు వత్తము. రాని కాలమును ముందుగా చూచుట ఎట్లు? దీనికి తలుపు తెఱచినవారు అంగరాగములు చేయువారు కారు. రసాయనక్రియల వేగమును కొలుచుచున్న శాస్త్రజ్ఞులు. 1884వ సంవత్సరమున హాలెండుదేశీయుడగు వాంటుహాఫు, ఉష్ణమునకును క్రియావేగమునకును గల సంబంధమును విచారించెను. 1889వ సంవత్సరమున స్వీడనుదేశీయుడగు అరీనియసు, చెఱకుపంచదార ఆమ్లమునందు విడిపోవు వేగమును ఆధారముగా గొని, ఆ సంబంధమును సూత్రముగా స్థాపించెను. ఈ యిరువురును తరువాత నోబెలు బహుమానము నందిరి. వారు చెప్పినదానిని మోటుగా చెప్పవలెనన్న, ఉష్ణము 10 డిగ్రీలు హెచ్చినప్పుడు అనేక రసాయనక్రియలు సుమారు రెండు మూడు రెట్లు వేగముగా జరుగును. వేసవిలో అన్నము త్వరగా పాసిపోవుటయు, పాలు త్వరగా విరుగుటయు చూచిన మీకు ఇది క్రొత్త కాదు. క్రొత్తదల్లా దీనికి లెక్క కట్టుట.

ఈ లెక్కతో కాలమును పరుగెత్తింపవచ్చును. వేగము రెండేసి రెట్లు పెరుగుననుకొందము. 25 డిగ్రీలయందున్న క్రీమును 35 డిగ్రీలకు తెచ్చినచో రెండింతలు, 45 డిగ్రీలకు తెచ్చినచో నాలుగింతలు వేగముగా ముసలిదగును. అట్లయిన 45 డిగ్రీల వేడిపెట్టెలో మూడు నెలలు కాచినది, చల్లని గదిలో ఒక సంవత్సరము గడపినదానితో సమానమగును. ఇదియే నేటి నిలుకడపరీక్షల మూలము. తయారుచేయువారు ఒకే దఫా సరుకునుండి అనేక డబ్బాలను తీసి, కొన్నిటిని శీతలపేటికయందు, కొన్నిటిని గది వేడిమియందు, కొన్నిటిని 40 లేక 45 డిగ్రీల వేడిపెట్టెయందు, కొన్నిటిని వెలుతురునందు ఉంచుదురు. నియమితకాలములయందు తెఱచి రంగు, వాసన, చిక్కదనము, ఆమ్లత్వము మాఱినవా యని చూతురు. గడ్డకట్టించి కరగించి, మరల గడ్డకట్టింతురు. గిరగిర త్రిప్పు యంత్రమునందు వేసి, నూనె నీరు వేఱుపడునా యని చూతురు. వస్తువును ఏ సీసాలో అమ్ముదురో ఆ సీసాలోనే పరీక్షింపవలెను. ఏలయన సీసాయును వస్తువును ఒకదాని నొకటి చెఱచుకొనవచ్చును. ఇట్టి పరీక్షలకు 2018వ సంవత్సరమున అంతర్జాతీయ ప్రమాణసంస్థవారు మార్గదర్శకపత్రమును వెలువరించిరి.

కాని ఈ లెక్కను గ్రుడ్డిగా నమ్మరాదు. వేడి నిజమైన సాక్షి యైనను, కొన్నిపట్ల అబద్ధసాక్ష్యము కూడ చెప్పును. 25 డిగ్రీల యందెన్నడును కరగని మైనము వేడిపెట్టెలో మెత్తబడి, మంచి క్రీమును సైతము వేఱుపఱుపవచ్చును. మన కొబ్బరినూనె మార్గశిర పుష్యమాసములలో పేరుకొని, ఎండ తగిలిన కరగుచుండుట మీరెఱిగినదే. ఆ మార్పు కేవలము రూపభేదము గాని చెడుట కాదు. అట్లే వేడిపెట్టెలో కలుగు కొన్ని మార్పులు అంగడిలో ఎన్నటికిని కలుగవు. తద్విరుద్ధముగా, వేడిలో బాగుండి చల్లని చోట చెడునవియు కలవు. అందుచేత వివేకులగు తయారీదారులు వేడిపరీక్షవలన తేలిన గడువును తాత్కాలికముగా వేసికొని, అదే సరుకును గది వేడిమియందు నిజమైన మూడు సంవత్సరములును ఉంచి చూచుచుందురు. నిజకాలము చెప్పు తీర్పే తుదితీర్పు. వేడిపెట్టె వకీలు మాత్రమే, న్యాయాధిపతి కాలమే.

వేడిపరీక్షకు అందని శత్రువు మఱియొకటి కలదు. అది సూక్ష్మజీవి. 45 డిగ్రీలలో పెక్కు సూక్ష్మజీవులు పెరుగవు సరికదా, కొన్ని చచ్చును. కావున వేడిపెట్టెలో బ్రతికి బయటపడిన లేపనము సూక్ష్మజీవులకు లొంగదని చెప్పుటకు వీలులేదు. 1946వ సంవత్సరమున న్యూజీలెండునుండి యొక దుఃఖవార్త వైద్యులకు తెలిసినది. పసిబిడ్డల బొడ్డుకు చల్లిన పౌడరునందు ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవుల బీజములు ఉండుటచే శిశువులు మరణించిరి. పౌడరునకు మూలమగు మెత్తని రాయి భూమినుండి త్రవ్వినది. ధనుర్వాతపు బీజములుండునదియు మట్టియందే. ఆ పౌడరు రంగు మాఱలేదు, వాసన మాఱలేదు. తొలినాడే శుచి కాని వస్తువునకు ఎంత దూరపు తేదీ వేసినను ఏమి ప్రయోజనము?

1970వ దశకమున అమెరికాయందు కంటివైద్యులు మఱియొక సంగతి కనుగొనిరి. కనురెప్పల వెండ్రుకలకు పూయు మాస్కారా యను నల్లరంగు క్రొత్తడబ్బాలలో శుభ్రముగానే యున్నది. వాడుచున్నకొలది కుంచెతో సూక్ష్మజీవులు లోపలికి చేరి పెరిగినవి. ఆ కుంచె పొరబాటున కంటిగ్రుడ్డును గీరినప్పుడు పుండు పడి చూపు చెడినవారు కలరు. దోషము అంగడిలోని వస్తువునందు లేదు. తెఱచిన పిదపటి వాడుకయందు కలదు.

ఇది మన ఇండ్లలో ఆడువారికి పుస్తకము లేకయే తెలిసిన ధర్మము. ఆవకాయజాడీలో తడిచేయి పెట్టనీయరు. మూతకు వాసెన కట్టుదురు. వాడుకకు కొంచెము చిన్నగిన్నెలోనికి తీసికొని, పెద్దజాడీని ముట్టరు. ఏటికేడాది నిలువవలసిన ఊరగాయ ఒక్క తడిగరిటెతో బూజు పట్టునని వారికి తెలియును. దీనినే శాస్త్రజ్ఞులు పరీక్షగా మార్చిరి. లేపనములోనికి కొన్ని జాతుల సూక్ష్మజీవులను బుద్ధిపూర్వకముగా విడిచి, 7, 14, 28 దినములకు వానిని లెక్కించి, లేపనములోని రక్షకద్రవ్యము వానిని చంపినదా లేదా యని చూతురు. ఇట్టి పరీక్ష 1970వ సంవత్సరపు అమెరికా ఔషధసంహితయందు చేర్చబడెను.

ఇంతవఱకు చెప్పినది శాస్త్రము. దీనికి శాసనబలము మెల్లమెల్లగా చేకూరెను. అమెరికాయందు 1938వ సంవత్సరపు చట్టము అలంకారవస్తువులను ప్రభుత్వపు అదుపులోనికి తెచ్చెను. కాని వానిపై గడువు తేదీ వేయవలెనని నేటికిని అచ్చటి కేంద్రచట్టము నిర్బంధింపదు. మన దేశమున 1940వ సంవత్సరపు ఔషధచట్టము మొదట మందులకు మాత్రమే వర్తించుచుండగా, 1962వ సంవత్సరపు సవరణచే అలంకారవస్తువులును అందు చేర్చబడినవి. 2020వ సంవత్సరమున వానికి ప్రత్యేకనియమములు ఏర్పడినవి. వాని ననుసరించి గడువు నెలయు సంవత్సరమును అట్టపై నుండవలెను. ఐరోపాదేశములయందు 2005వ సంవత్సరము నుండి, 30 నెలలకు మించి నిలుచు వస్తువులపై గడువు తేదీకి బదులు, తెఱచిన మూతగల చిన్నడబ్బా బొమ్మను వేసి, అందు 6, 12 వంటి అంకెను వ్రాయుచున్నారు. తెఱచిన నాటినుండి అన్ని నెలలలో వాడి ముగింపవలెనని దాని భావము. మన అంగళ్లలోని డబ్బాలపై కూడ ఈ బొమ్మ తఱచుగా కనబడును. ఆవకాయజాడీ ధర్మమునకు అచ్చువేసిన గుర్తు అది.

ఇప్పుడు మన సంగతి విచారింతము. గడువు తేదీ యనునది నిరపేక్షమైన సత్యము కాదు. ఈ వేడిమిలో, ఈ మూతతో, ఈ సీసాలో ఉంచినచో ఇంతకాలము నిలుచునను వాగ్దానము. ఉష్ణమును బట్టి ఆయువు మాఱును గనుకనే, ఔషధముల పరీక్షకొఱకు శాస్త్రజ్ఞులు భూమండలమును శీతోష్ణస్థితినిబట్టి నాలుగు మండలములుగా విభజించిరి. సమశీతోష్ణదేశములకు 21 లేక 25 డిగ్రీలు చాలును. వేడియు తేమయు గల మనవంటి దేశములకు 30 డిగ్రీలయందు పరీక్షింపవలెను. మనకో, రోహిణికార్తెలో రోళ్లు పగులునని సామెత. రెంటచింతల, రామగుండము, కొత్తగూడెము వంటి చోట్ల వేసవియందు 45 డిగ్రీలు దాటిన దినములు కలవు. రేకులకప్పు క్రింద, కిటికీలేని కొట్టులో, లేక ఎండలో నిలిచిన లారీపై, పేటీలోపలి వేడి ఎంత యుండునో మీరే ఊహింపుడు.

పైన చెప్పిన లెక్కను ఇక్కడ వేసి చూడుడు. 25 డిగ్రీలకు లెక్క కట్టిన సీసా రేయింబవళ్లు 45 డిగ్రీలలో రెండు నెలలు పడియున్నచో, దాని ఆయువులో ఎనిమిది నెలలు కరగిపోవును. రాత్రులు చల్లబడుట వలన నిజముగా అంత నష్టము కలుగకపోవచ్చును. కాని సగటు వేడిమిని చూచి ధైర్యము చెప్పుకొనుటయు తగదు. మిక్కిలి వేడియైన గంటలు తక్కువయైనను, చెఱుపునందు వాని వంతు ఎక్కువ. శీతకాలపు చల్లదనము వేసవిలో జరిగిన నష్టమును తిరిగి పూడ్చలేదు. అట్టపై తేదీ మాత్రము ఎండలో ఉన్నను నీడలో ఉన్నను మాఱదు. అది వస్తువుతోపాటు ముసలిది కాదు.

కాబట్టి గ్రామమునందు మాట చెల్లుబడిగల మీవంటి పెద్దలు గమనింపదగిన విషయములు కొన్ని మనవి చేసికొందును. కొనునప్పుడు తేదీ చూచుట సగము పని. ఆ సరుకు అంగడిలో ఎచ్చట పెట్టబడినదో చూచుట మిగిలిన సగము. తేదీ చెరిపినది, పైన వేఱొక చీటీ అంటించినది వాపసు ఇయ్యుడు. చవుకయని సంవత్సరమునకు సరిపడు సరుకు ఒక్కమారు కొనుటకంటె, చిన్నసీసా కొని త్వరగా వాడుట మేలు. తెఱచిన నాటి తేదీని మూతపై వ్రాసి పెట్టుడు. నీరు చేర్చి పలుచన చేయకుడు. అందలి రక్షకద్రవ్యము కూడ పలుచనై సూక్ష్మజీవులకు ద్వారము తెఱచును. ఒకరి కాటుక, ఒకరి కంటిరంగు ఇంకొకరు వాడరాదు. నూనె కనరువాసన కొట్టినను, క్రీములో నీరు వేఱుపడినను, తేదీ ఎంత దూరమున్నను పాఱవేయుడు. వాసన బాగున్నదని గడువు దాటినదానిని పసిబిడ్డలకును కండ్లకును వాడకుడు. న్యూజీలెండు పౌడరునకు దుర్వాసన లేదు. సొస్యూరు నూనె ఎనిమిది నెలలు బుద్ధిగానే యున్నది.

థియోఫ్రాస్టసు నీడగల మేడగదిని చూపెను. శార్ఙ్గధరుడు ఏ రూపమునకెంత కాలమో లెక్క చెప్పెను. సొస్యూరు చెడుట యొక్క నడకను కొలిచెను. అరీనియసు కాలమును పరుగెత్తించు సూత్రమునిచ్చెను. వీరందఱి శ్రమయు ఆ సన్నని అక్షరముల తేదీయందు ఇమిడియున్నది. తయారుచేసినవాడు పరీక్షించి వాగ్దానము చేసినాడు. త్రోవలోనివాడును, అంగడివాడును, ఇంటివారును తమ తమ వంతు కాపాడినప్పుడే ఆ వాగ్దానము నెఱవేరును. అందఱిలో చివరివారము మనము. మన చేతిలో చెడినదానికి ముందువారి నెవ్వరిని నిందించియు ప్రయోజనము లేదు. ఆ తేదీని చదువునప్పుడు, దానిప్రక్కనే వ్రాయబడిన చల్లని పొడిచోట నుంచవలెనను చిన్నమాటను కూడ చదువవలసినదిగా కోరుచు, సెలవు తీసికొనుచున్నాను.